కారు పుట్టకముందే పుట్టిన శిక్ష

మద్నూర్ దాటి సలాబత్‌పూర్ చెక్‌పోస్టు దాకా ఎప్పుడైనా పోయారా? సంగారెడ్డి నుంచి వచ్చే 161 నంబర్ హైవే అక్కడ మహారాష్ట్రలోకి పోతుంది. రాత్రీ పగలూ లారీలే. ఆ రోడ్డు మీద డ్రైవర్ నిర్లక్ష్యంతో ఒక మనిషి చనిపోతే జైలు ఎన్నేళ్లు? 2024 జూన్ దాకా, ఎంత ఎక్కువైనా 2 ఏళ్లే. చస్తారని తెలిసీ నడిపాడని కోర్టులో తేలితే అది వేరే సెక్షన్, వేరే లెక్క.

ఈ 2 ఏళ్లు 1870లో పెట్టినవి! ఐపీసీ 1860 నాటిది. రోడ్డు మీద అడ్డదిడ్డంగా బండి తోలినా, గుర్రం మీద దౌడు తీసినా 279 సెక్షన్ కింద 6 నెలలు. పదేళ్ల తర్వాత, నిర్లక్ష్యంతో ప్రాణం పోతే 2 ఏళ్లని 304-ఏ చేర్చారు. ఎడ్లబండ్ల కాలంలో పెట్టిన శిక్షనే లారీలకూ వాడుకుంటూ వచ్చాం.

మద్నూర్‌కు ఐపీసీ 1951లో గానీ రాలేదు. అంతకుముందు ఇది నిజాం రాజ్యం. నాందేడ్ కూడా అందులోదే, మధ్యలో ఇప్పుడున్న సరిహద్దే లేదు. 1956లో నాందేడ్ అటు పోయింది, మద్నూర్ ఇటు వచ్చింది.

2024 జూలై 1న భారతీయ న్యాయ సంహిత వచ్చింది. 106(1) కింద 2 ఏళ్లు కాస్తా 5 ఏళ్లయింది. 106(2) ఇంకా గట్టిది: పోలీసుకో మేజిస్ట్రేటుకో చెప్పకుండా పారిపోతే 10 ఏళ్ల దాకా. దీని మీదే ఆ జనవరిలో లారీ, ట్యాంకర్ డ్రైవర్లు బండ్లు ఆపేశారు. హైదరాబాద్‌లో పెట్రోల్ బంకుల ముందు బారులు గుర్తున్నాయి కదా? ‘ఆగితే జనం కొట్టి చంపుతారు’ అన్నది వాళ్ల మాట. ఆ భయం నిజమే. కానీ 1988 మోటారు వాహనాల చట్టం 134 సెక్షన్ చూడండి. దెబ్బ తగిలినవాళ్లను ఆస్పత్రికి చేర్చాలి అంటూనే, జనం మీద పడే పరిస్థితి ఉంటే మినహాయింపు ఇచ్చింది. అయినా 24 గంటల్లోపు పోలీస్ స్టేషన్‌లో చెప్పి తీరాలి. అంటే అక్కడే నిలబడి దెబ్బలు తినమని చట్టం ఎప్పుడూ అనలేదు. ఈ ముక్క డ్రైవర్లకు చెప్పినవాళ్లే తక్కువ.

చివరికి కేంద్రం తగ్గింది. కొత్త చట్టం మొత్తం అమల్లోకి తెచ్చి, 106(2)ను మాత్రం పక్కన పెట్టింది. పుస్తకంలో ఉంది, కేసు మాత్రం పెట్టలేరు.

ఇంకొక్కటి. 2024 జూన్ 30 రాత్రి పదకొండింటికి జరిగిన యాక్సిడెంట్ కేసు ఇవాళ కోర్టుకొచ్చినా పాత 304-ఏ కిందే నడుస్తుంది. అదే రాత్రి పన్నెండు దాటాక జరిగితే 5 ఏళ్ల లెక్క.