జాడీలో ఊరిన చరిత్ర

ప్లమ్ కేకులో ప్లమ్ పండు ఉండదు. మైసూరుపాకులో మైసూరు ఏదీ అన్న పాత చమత్కారం వంటిది కాదిది. పూర్వం ఇంగ్లండులో ఎండుద్రాక్షను కూడా ప్లమ్ అనేవారు. ఆ వాడుక పోయింది, కేకు పేరులో మాత్రం చిక్కుకుని మిగిలింది.

ఏటా అక్టోబరు, నవంబరు నెలల్లో మాదాపూర్, కొండాపూర్ వైపు పెద్ద హోటళ్ళలో 'కేక్ మిక్సింగ్' అనే వేడుక జరుగుతుంది. పొడవాటి బల్ల మీద ఎండుపండ్లు రాశులు పోస్తారు. అతిథులు తెల్లటోపీలు, చేతితొడుగులు ధరించి సీసాలు వంపుతారు, ఫొటోలు దిగుతారు. ఇది చూసినవారు, 1998లో సైబర్ టవర్స్‌తో పాటు దిగుమతి అయిన సరదాలలో ఈ కేకు కూడా ఒకటనుకుంటే తప్పుపట్టలేము. కానీ ఈ కేకు మన ఊళ్ళో అడుగుపెట్టింది ఆ దిక్కున కాదు, హుస్సేన్ సాగర్‌కు ఉత్తరాన.

1798 నాటి సంధితో నిజాము తన రాజ్యంలో ఇంగ్లీషు సైన్యాన్ని నిలుపుకొనడానికి ఒప్పుకున్నాడు. ఆ దండు విడిసిన చోటికే 1806లో సికందర్ జా పేరిట సికింద్రాబాదు అన్న పేరు వచ్చింది. దండు వెంట చర్చి, చర్చి వెంట క్రిస్మస్, క్రిస్మస్ వెంట కేకు. 1874లో వాడి నుండి సికింద్రాబాదుకు రైలు వచ్చాక, రైల్వే ఉద్యోగాలలో చేరిన ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు లాలాగూడ, మెట్టుగూడ ప్రాంతాలలో స్థిరపడ్డాయి. దొరల బల్ల మీది పదార్థం ఇంటి వంటగా మారినది ఇటువంటి క్వార్టర్లలోనే. ఇంట్లో ఓవెన్ ఎక్కడిది? పిండి కలిపి రేకు డబ్బాలలో పోసి, దగ్గరి బేకరీ కట్టెల భట్టీకి పంపి కాల్పించుకొనడం దేశమంతటా ఆంగ్లో ఇండియన్ ఇళ్ళలో ఉన్న అలవాటు. (1883లో తలశ్శేరిలో మాంబళ్ళి బాపు ముర్డాక్ బ్రౌన్ కోసం చేసినదే భారతదేశపు మొట్టమొదటి క్రిస్మస్ కేకు అన్న కథ తరచు వినిపిస్తుంది. ఇన్ని దండు ఊళ్ళు ఉండగా ఆ 'మొట్టమొదటి' నాకు అంత సులువుగా మింగుడుపడదు.)

ఇక్కడికి వచ్చిన కేకు ఇక్కడి సరుకును కూడా తనలో కలుపుకున్నది. ఎర్రగా, పచ్చగా మెరిసే టూటీఫ్రూటీ మరేమీ కాదు, పంచదార పాకంలో ఊరి రంగు వేసుకున్న పచ్చి బొప్పాయి. దేశవిభజన తరువాత సింధు నుండి తరలివచ్చిన ఖాన్‌చంద్ రామ్నానీ 1953లో మొజంజాహీ మార్కెట్టు వద్ద ప్రారంభించిన కరాచీ బేకరీ, ఈ ముక్కలనే ఫ్రూట్ బిస్కెట్లలో వేసి ఊరూవాడా పరిచయం చేసింది.

అన్నట్టు, రమ్ము మాట. 1995 జనవరిలో ఎన్టీ రామారావు ప్రభుత్వం సంపూర్ణ మద్యనిషేధం తెచ్చింది, 1997లో అది సడలిపోయింది. ఆ రెండేళ్ళూ మామూలు గృహస్థు దుకాణానికి వెళ్ళి రమ్ము సీసా కొనే వీలు లేదు. పండ్లను నారింజ రసంలోనూ నానబెట్టవచ్చు, రుచి బాగానే ఉంటుంది. కానీ అటువంటి కేకు ఎక్కువకాలం నిలవదు, త్వరగా తినేయాలి.

నిలవ ఉండడంలోనే కదా ఈ కేకు గొప్పతనం! ఆవకాయ పెట్టే ఇంట దీని కిటుకు వేరే చెప్పనక్కరలేదు. అక్కడ ఉప్పు చేసే పనిని ఇక్కడ పంచదార చేస్తుంది: తడిని తనవద్దే పట్టి ఉంచి సూక్ష్మజీవులకు అందనివ్వదు. పైన నూనె చేసే కాపలా ఇక్కడ మద్యానిది, దానివల్ల బూజు పట్టదు. 2017లో అంటార్కిటికాలోని కేప్ అడేర్ వద్ద, స్కాట్ యాత్రాబృందం నూరేళ్ళ కిందట వదిలివెళ్ళిన హంట్లీ అండ్ పామర్స్ పండ్ల కేకు ఒకటి రేకు డబ్బాలో బయటపడితే, దాదాపు తినదగినట్టే కనిపించిందట. అక్కడి చలికి కూడా కొంత పుణ్యం దక్కాలి లెండి.

మన హైదరాబాదు వాతావరణానికి అంత ఆశ కూడదు. దసరా వెళ్ళగానే పండ్లను సన్నగా తరిగి, తడిలేని జాడీలో రమ్ము పోసి మూతపెట్టి, నాలుగు రోజులకొకసారి పొడి గరిటెతో కలిపితే చాలు. డిసెంబరు మొదట్లో అరకిలో నానిన పండ్లకు మైదా, వెన్న, పంచదార పావుకిలో చొప్పున, నాలుగైదు గుడ్లు. ముదురు రంగు రావడానికి నల్లబడేదాకా కాచిన పంచదార పాకం. పండ్లకు కాస్త మైదా అద్దితే అడుగుకు దిగవు. ఓవెన్‌ను 150 డిగ్రీల దగ్గర ఉంచి రెండు గంటలకు పైగా కాల్చాలి. తొందరపడి వేడి పెంచితే పైన మాడి లోపల పచ్చిగా ఉంటుంది. చల్లారాక వెన్నకాగితం చుట్టి డబ్బాలో పెట్టి, వారానికొకసారి చెంచాడు రమ్ము చిలకరించాలి.

హోటలు వేడుకకు నోచుకోనిది ఈ భాగమే. కలపడం గంటసేపటి పని, ఆ గంటకే కెమెరాలు. ఆ తరువాతి రెండు నెలల కాపలా ఏ అతిథీ చూడడు. నా మటుకు నాకు, జాడీ మూత తీసినప్పుడల్లా వాసన ఒక్కో మెట్టు ముదరడం గమనించని వారికి ఆ కేకు సగమే దక్కినట్టు.

కొండాపూర్ అపార్టుమెంట్లలో ఇప్పుడు చిన్న ఓవెన్లకు కొదువ లేదు కనుక భట్టీ వెతుక్కోనక్కరలేదు. క్రిస్మస్‌కు కోసిన కేకులో ఒక భాగం మాత్రం చుట్టి దాచండి. సంక్రాంతి నాటికి మెత్తబడి, అరిసెల పక్కన విస్తట్లోకి వస్తుంది.