గాజుల లక్ష్మీనరసు శెట్టి: ఓటు లేని రోజుల్లో ఒక అర్జీ

జాన్ క్విన్సీ ఆడమ్స్ అమెరికా అధ్యక్షుడిగా దిగిపోయాక ఇంట్లో కూర్చోలేదు. 1831 నుంచి 1848లో చనిపోయేదాకా ప్రతినిధుల సభలో ఉన్నాడు. మహావక్త. బానిసత్వం మీద జనం పంపే అర్జీల్ని చర్చకే తీసుకోకూడదని సభ 1836లో ఒక నియమం పెట్టుకుంటే, ఎనిమిదేళ్ళు పోట్లాడి 1844 డిసెంబరులో తీసేయించాడు.

దానికి రెండు నెలల ముందే, 1844 అక్టోబరు 2న, మద్రాసులో ఓ తెలుగు వ్యాపారి ‘క్రెసెంట్’ అనే ఇంగ్లీషు పేపరు మొదలుపెట్టాడు. ఆయనే గాజుల లక్ష్మీనరసు శెట్టి. నానక్‌రామ్‌గూడలో మా లంచ్ టేబుల్ దగ్గర అడిగితే ఆడమ్స్ పేరు నలుగురికి తెలుసు, శెట్టిగారి పేరు ఒక్కరికీ తెలీదు!

1806లో మద్రాసులో పుట్టాడు. నీలిమందు, బట్టల వ్యాపారంలో బాగా సంపాదించాడు. కంపెనీ సర్కారు మిషనరీలకి కొమ్ముకాస్తోందన్న కోపంతో పేపరు పెట్టాడు గానీ, అక్కడితో ఆగలేదు. 1852లో మద్రాసు నేటివ్ అసోసియేషన్ పెట్టి, పన్నుల భారం మీద, కోర్టుల్లో జాప్యం మీద ఏకంగా బ్రిటిష్ పార్లమెంటుకే అర్జీ పంపాడు. మన భాషలో చెప్పాలంటే ఎస్కలేషన్. కంపెనీ మీద కంపెనీకే ఫిర్యాదు చేస్తే ఏమవుతుందో ఆయనకి తెలుసు. పైగా 1853లో కంపెనీ చార్టర్ రెన్యువల్‌కి వస్తోంది. టైమింగ్ చూడండి.

ఆడమ్స్‌కి సభలో కుర్చీ ఉంది. ఈయనకి కుర్చీ కాదు కదా, ఓటు కూడా లేదు. అందుకే సభ్యుడినే రప్పించుకున్నాడు. డాన్బీ సేమూర్ అనే ఎంపీ 1853లో మద్రాసు వస్తే, తన అతిథిగా ఉంచుకుని జిల్లాలు తిప్పి చూపించాడు. శిస్తు కట్టలేని రైతుల వేళ్ళని చెక్కల మధ్య బిగించడం, మెడ వంచి తాడుతో కట్టి ఎండలో నిలబెట్టడం అప్పట్లో మామూలు. 1854లో పార్లమెంటులో గొడవైంది. విచారణ కమిషన్ వేశారు. చిత్రహింసలు నిజమేనని 1855లో ఆ కమిషనే ఒప్పుకుంది. 1857లో కార్ల్ మార్క్స్ న్యూయార్క్ పేపర్లో భారతదేశంలోని చిత్రహింసల మీద రాసింది ఈ రిపోర్టు చూసే.

ఒక చేదు నిజం కూడా చెప్పుకోవాలి. కమిషన్ తెల్లదొరల్ని తప్పించి, నేరమంతా కింది ఉద్యోగుల మీద వేసింది. దొరల పూచీ ఎగ్గొట్టడం అన్యాయమే. కానీ ఆ వేళ్ళు బిగించిన చేతులు మాత్రం మనవాళ్ళవే.

తర్వాత సర్కారే ఆయనకి బిరుదిచ్చింది, 1863లో శాసనసభకి నామినేట్ చేసింది. అప్పటికే ఆస్తంతా ఈ పనులకే కరిగిపోయింది. 1868లో పేదవాడిగా పోయాడు.

కాంగ్రెస్ పుట్టింది 1885లో. దానికి 30 ఏళ్ళ ముందే, పెద్ద ఉపన్యాసాలేమీ లేకుండా, కాగితంతో, సాక్ష్యంతో సర్కారు చేత నిజం ఒప్పించిన మనిషి ఈయన. మన పాఠ్యపుస్తకాల్లో ఆయనకి ఒక పేజీ అయినా ఇవ్వొద్దూ? ఏమంటారు?