ఆనకట్టల కాంక్రీటు: వేడి, బలం, బూడిద

సిమెంటుకు నీరు తగిలితే అది గట్టిపడడమే కాదు, వేడిని కూడా వెలువరిస్తుంది. ఇంటి కప్పు పలుచన కాబట్టి ఆ వేడి గాలిలో కలిసిపోతుంది. ఆనకట్ట గర్భంలో పుట్టిన వేడికి దారి దొరకదు. వెలుపలి పొర చల్లారి కుంచించుకుపోతుండగా లోపలి భాగం ఇంకా వ్యాకోచించే ఉంటుంది. ఆ లాగుడుకు కాంక్రీటు పగులుతుంది. ఈ వేడిని ముందుగా లెక్కగట్టే ప్రయత్నాల్లో ఒక ఘట్టాన్ని పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

1933-35 మధ్య హూవర్ ఆనకట్టకు కాంక్రీటు పోసిన అమెరికా రిక్లమేషన్ బ్యూరో, అంతా ఒకే ముద్దగా పోస్తే చల్లారడానికి 125 ఏళ్లు పడుతుందని అంచనా వేసింది. అందుకే దిమ్మెలుగా పోసి, వాటిలో 580 మైళ్లకు పైగా ఉక్కు గొట్టాలు అమర్చి చల్లని నీటిని పారించారు. ఇది పుట్టిన వేడిని తరిమే పద్ధతి. పుట్టుకనే తగ్గించే మార్గం సిమెంటులో కొంత భాగానికి బదులు బొగ్గు బూడిదను కలపడం. 1937లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన రేమండ్ డేవిస్, ఆయన సహచరులు ఫ్లై యాష్ కాంక్రీటు గుణాలపై ప్రచురించిన పరిశోధన దీనికి ప్రాతిపదిక. 1948-53 మధ్య మోంటానాలో కట్టిన హంగ్రీ హార్స్ ఆనకట్టలో సుమారు 1,20,000 టన్నుల బూడిదను వాడారు.

సిమెంటు, నీరు కలిసినప్పుడు ఏర్పడే సున్నంతో బూడిదలోని సిలికా నిదానంగా చర్య జరిపి మరింత బంధక పదార్థాన్ని ఇస్తుంది. సూత్రం మనకు కొత్తది కాదు. సున్నంలో ఇటుక పొడి కలిపే సుర్కీ గారలో జరిగేదీ ఇదే. హంగ్రీ హార్స్ పూర్తయిన 1953లోనే పూర్తయిన తుంగభద్ర ఆనకట్టకు వాడినది ఆ గారనే.

ఈ నిదానమే లాభం, ఇదే చిక్కు. వేడి తగ్గుతుంది, కానీ 28 రోజుల పరీక్షలో బూడిద కాంక్రీటు బలహీనంగా కనిపిస్తుంది. జలాశయం నెలల తరబడి నిండుతుంది. నీటి ఒత్తిడి 28వ రోజునే పూర్తిగా పడదు. కాబట్టి 90 రోజుల, ఏడాది బలాన్ని లెక్కలోకి తీసుకోవడం సమంజసమైంది. నా దృష్టిలో అసలు మలుపు బూడిద వాడకం కంటే ఈ గడువు మార్పే.

1951లో సాల్ ప్రతిపాదించిన పరిపక్వతా సూత్రం ఉష్ణోగ్రతనూ కాలాన్నీ కలిపి బలాన్ని అంచనా వేసింది. మామూలు సిమెంటుకు అది చాలావరకు సరిపోయింది. బూడిద కలిసినప్పుడు రెండు చర్యలు, రెండు వేగాలు. ఉష్ణోగ్రతకు రెండూ ఒకేలా స్పందించవు. ఒకే రేఖతో రెండింటినీ పట్టుకోవడం కుదరక, మిశ్రమం మారినప్పుడల్లా ప్రయోగశాలలో కొత్తగా కొలవవలసి వచ్చింది.