సినిమాల్లో వైజాగ్: బీచ్ రోడ్డు నుంచి కంచరపాలెం దాకా.. తెరపై విశాఖ ఎలా మారింది?

తెలుగు సినిమాలో హీరోహీరోయిన్లు సముద్రం ఒడ్డున నడుస్తూ కనిపిస్తే చాలు, 'ఇది వైజాగే' అని థియేటర్లో ఎవరో ఒకరు అనేస్తారు. ఆర్కే బీచ్, కైలాసగిరి, రుషికొండ, భీమిలి.. విశాఖ ఎప్పుడూ చూడనివాళ్లకు కూడా ఈ పేర్లు సినిమాల వల్లే పరిచయం. అయితే తెరపై కనిపించే వైజాగ్, అక్కడి జనం బతికే వైజాగ్ ఒకటేనా? యాభై ఏళ్లలో సినిమా ఈ ఊరిని ఏమేం చేసి చూపించింది? ఏం చూపించకుండా వదిలేసింది? చూద్దాం.

షూటింగ్‌కు వైజాగే ఎందుకు?

కారణం చాలా సింపుల్. కొండ, సముద్రం పక్కపక్కనే ఉన్న పెద్ద నగరం తెలుగునాట ఇదొక్కటే. ఓ పక్క యారాడ కొండ, డాల్ఫిన్ నోస్, లైట్‌హౌస్. ఇంకో పక్క బీచ్ రోడ్డు పట్టుకుని వెళ్తే రుషికొండ, తొట్లకొండ, ఎర్రమట్టి దిబ్బలు, చివర్లో భీమిలి. రైలెక్కితే సొరంగాలు దాటుకుంటూ బొర్రా గుహలు, అరకు లోయ. యూనిట్ మొత్తం ఒకే ఊళ్లో బస చేసి సముద్రం సీను, కొండ సీను, కాలేజీ సీను, పాత బంగళా సీను తీసేసుకోవచ్చు. నిర్మాతకు ఖర్చు కలిసొస్తుంది, కెమెరామెన్‌కు వెలుతురు కలిసొస్తుంది. రామానాయుడు స్టూడియో కూడా సముద్రానికి ఎదురుగా కొండ మీద వెలిసింది అందుకే.

ప్రేమికుల ఊరు: 'మరో చరిత్ర' వేసిన ముద్ర

వైజాగ్ అంటే ప్రేమకథ అనే ముద్ర బలంగా పడింది 1978లో. కె.బాలచందర్ తీసిన 'మరో చరిత్ర'లో కమల్ హాసన్ తమిళ కుర్రాడు, సరిత తెలుగమ్మాయి. భాష, కుటుంబాలు అడ్డుపడే ఈ విషాద ప్రేమకథకు విశాఖ, భీమిలి తీరాలే నేపథ్యం. బ్లాక్ అండ్ వైట్‌లో తీసిన ఆ సినిమా తమిళనాడులో డబ్బింగ్ లేకుండా తెలుగులోనే ఆడి సంచలనం అయింది. తర్వాత 1981లో హిందీలో 'ఏక్ దూజే కే లియే'గా వచ్చినప్పుడు కథను గోవాకు మార్చారు. సముద్రం మాత్రం మారలేదు.

ఎనభైల్లో ఆ బాధను పక్కనపెట్టి ఈ ఊళ్లో నవ్వులు పూయించింది జంధ్యాల. ఆయన సినిమాలకు విశాఖ సొంతిల్లు లాంటిది. మధ్యతరగతి ఇళ్లు, వరండాలు, పెరటి గోడలు, సాయంత్రం బీచ్ షికారు.. పెద్ద సెట్టింగులు లేకుండానే ఊరు అందంగా కనిపించేది. అప్పటి వైజాగ్ తెరపై తీరిగ్గా, కొంచెం సంగీతంగా, చాలా మర్యాదగా ఉండేది.

ఈ ప్రేమ సెంటిమెంటు ఇప్పటికీ పోలేదు. శివ నిర్వాణ తీసిన 'నిన్ను కోరి' (2017)లో నాని ఆంధ్రా యూనివర్సిటీలో స్టాటిస్టిక్స్‌లో పీహెచ్‌డీ చేసే కుర్రాడు. అదే దర్శకుడి 'మజిలీ' (2019)లో నాగచైతన్య క్రికెటర్ కావాలనుకునే విశాఖ యువకుడు. అతను ప్రేమించే అమ్మాయి తండ్రి నేవీ అధికారి. యూనివర్సిటీ, రైల్వే, నేవీ.. వైజాగ్ జీవితాన్ని నడిపే ఈ మూడూ ప్రేమకథల్లోకి వచ్చేయడం ఇక్కడ గమనించాల్సిన మార్పు. ఊరు పాట వెనక ఉండే సీనరీ స్థాయి నుంచి కథను మలుపు తిప్పే స్థాయికి వచ్చింది.

పోర్టు ఉంటే డాన్ ఉండాల్సిందేనా?

ఇక రెండో ముఖం మాస్ సినిమాది. పోర్టు ఉంది కాబట్టి స్మగ్లింగ్, భూముల ధరలు ఉన్నాయి కాబట్టి సెటిల్‌మెంట్లు, రెండూ ఉన్నాయి కాబట్టి ఓ డాన్. ఈ లెక్కలో వైజాగ్ మీద చాలా కథలు అల్లేశారు. బాలకృష్ణ 'లెజెండ్' (2014)లో హీరో, విలన్ తలపడేది విశాఖ నేపథ్యంలోనే. 'గల్లీ రౌడీ' (2021) ఇదే రౌడీయిజాన్ని కామెడీగా చూపించింది. 'హిట్ 2' (2022)లో అడివి శేష్ విశాఖ పోలీసు అధికారిగా సీరియల్ కిల్లర్ కోసం వేటాడతాడు.

2023 సంక్రాంతికి వచ్చిన 'వాల్తేరు వీరయ్య' అయితే ఊరి పాత పేరునే టైటిల్‌లో పెట్టేసింది. రైల్వేవాళ్లు, యూనివర్సిటీవాళ్లు ఎక్కువగా వాడిన 'వాల్తేరు' అనే మాట కొత్త తరానికి మళ్లీ నోటికొచ్చింది ఈ సినిమాతోనే. 2024లో వచ్చిన వరుణ్ తేజ్ 'మట్కా' మరింత వెనక్కి వెళ్లి 1958 నుంచి 1982 దాకా నడిచే విశాఖ జూద సామ్రాజ్యం కథ చెప్పింది. అందులో హీరో బర్మా నుంచి వచ్చిన కాందిశీకుడు. ఇది గాల్లోంచి పుట్టిన సంగతి కాదు. ఉత్తరాంధ్ర నుంచి రంగూన్‌కు వలస వెళ్లి, తిరిగొచ్చిన కుటుంబాలు ఎన్నో. విశాఖలో ఇప్పటికీ 'బర్మా క్యాంపు' పేరుతో ఓ ప్రాంతం ఉంది.

సమస్య ఎక్కడంటే, ఈ సినిమాల్లో మత్స్యకారుడు వచ్చినప్పుడల్లా చాలాసార్లు స్మగ్లరో, రౌడీ అనుచరుడో అవుతాడు. నిజానికి ఫిషింగ్ హార్బర్, జాలరిపేటల్లో బతుకు లెక్క వేరు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల వేట నిషేధం, డీజిల్ ధర, తుపాను హెచ్చరికలు, వలకు పడని చేప.. ఇవీ అక్కడి రోజువారీ మాటలు. ఈ మాటలు తెర మీద వినిపించడం అరుదు.

జలాంతర్గామి కథ: 'ఘాజీ'లో నిజమెంత?

తూర్పు నావికాదళం ప్రధాన కేంద్రం విశాఖే. 1971 డిసెంబరు 3, 4 తేదీల మధ్య రాత్రి పాకిస్థాన్ జలాంతర్గామి పీఎన్‌ఎస్ ఘాజీ విశాఖ తీరానికి దగ్గర్లోనే మునిగిపోయింది. దీన్ని ఆధారం చేసుకుని సంకల్ప్ రెడ్డి 'ఘాజీ' (2017) తీశారు. ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ అవార్డూ వచ్చింది.

సినిమాలో భారత జలాంతర్గామి నీటి అడుగున పోరాడి ఘాజీని ముంచుతుంది. భారత నౌకాదళం కథనం ప్రకారం మాత్రం ఆ ఘనత ఐఎన్‌ఎస్ రాజ్‌పుత్ అనే యుద్ధనౌకది. లోపలే పేలుడు జరిగిందని, లేదా తన మైన్లే తగిలాయని పాకిస్థాన్ వైపు వాదన. అంటే తెరపై చూసిన పోరాటం కల్పన, దాని వెనకున్న ఘటన నిజం. నిజం జలాంతర్గామి ఎలా ఉంటుందో తెలుసుకోవాలంటే ఆర్కే బీచ్‌లో 2002 నుంచి మ్యూజియంగా ఉన్న ఐఎన్‌ఎస్ కురుసుర లోపలికి వెళ్లి చూడొచ్చు. 1971 విజయానికి గుర్తుగా కట్టిన స్మారకం కూడా అదే బీచ్ రోడ్డులో ఉంది.

సముద్రం చూపించని వైజాగ్: 'కేరాఫ్ కంచరపాలెం'

2018 సెప్టెంబరులో వచ్చిన ఓ చిన్న సినిమా ఈ లెక్కలన్నీ మార్చేసింది. మహా వెంకటేశ్ తీసిన 'కేరాఫ్ కంచరపాలెం'లో నటించినవాళ్లలో ఎక్కువమంది ఆ ప్రాంతం వాళ్లే, కెమెరా ముందుకు కొత్తగా వచ్చినవాళ్లే. స్టార్లు లేరు, బీచ్‌లో డ్యూయెట్టు లేదు. పెళ్లి కాని నడివయసు అటెండర్, వైన్ షాపులో పనిచేసే వ్యక్తి, బడి పిల్లలు.. నాలుగు వయసుల ప్రేమలు, మధ్యలో కులం, మతం, పరువు. ఇరుకు వీధులు, రైలు పట్టాల పక్క బతుకు, రచ్చబండ కబుర్లే ఆ సినిమాకు లొకేషన్.

ఆ సినిమాలో భాషకూ అంతే ప్రాధాన్యం. ఉత్తరాంధ్ర యాసను తెలుగు సినిమా చాలాకాలం నవ్వించడానికే వాడుకుంది. 'ఏటి', 'బేగి', 'గుంటడు' అనే మాటలు వినిపిస్తే అది కమెడియన్ పాత్రో, పనిమనిషి పాత్రో అయ్యేది. హీరో మాత్రం వైజాగ్‌లో పుట్టి పెరిగినా మాట మాత్రం ఆ ఊరిది కాదు. కంచరపాలెం మనుషులు అదే యాసలో ప్రేమించారు, ఏడ్చారు, ఎదురు తిరిగారు. ఎవరూ నవ్వలేదు.

పుస్తకాల్లో ఈ పని ఎప్పుడో జరిగింది

సాహిత్యం ఈ విషయంలో సినిమా కంటే చాలా ముందుంది. విశాఖలో లాయరుగా పనిచేసిన రాచకొండ విశ్వనాథశాస్త్రి (1922-1993) 'అల్పజీవి', 'ఆరు సారా కథలు', 'రత్తాలు-రాంబాబు' లాంటి రచనల్లో కోర్టు వరండాలు, పోలీస్ స్టేషన్లు, సారా వ్యాపారం, పేదల బతుకులు అచ్చం అక్కడి మాటల్లోనే రాశారు. శ్రీశ్రీ పుట్టింది (1910), ఆరుద్ర పుట్టింది (1925) కూడా విశాఖలోనే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను నగరాన్ని ఛిద్రం చేసినప్పుడు సినీ పరిశ్రమ అంతా కలిసి సాయం కోసం చేసిన కార్యక్రమానికి 'మేము సైతం' అని పేరు పెట్టారు. శ్రీశ్రీని గుర్తుచేసే పేరది.

తెరకెక్కని విశాఖ

స్టీల్ ప్లాంట్ కోసం 1966లో సాగిన 'విశాఖ ఉక్కు.. ఆంధ్రుల హక్కు' ఉద్యమంలో 32 మంది ప్రాణాలు కోల్పోయారు. ప్లాంటుకు భూములిచ్చిన నిర్వాసితుల కథలు తరాలు మారినా సాగుతూనే ఉన్నాయి. 2020 మే 7న ఎల్జీ పాలిమర్స్ ప్లాంటు నుంచి స్టైరీన్ ఆవిరి లీకై 12 మంది చనిపోయారు, పశువులు ఎక్కడివక్కడే కూలిపోయాయి. పెద్ద హీరోల సినిమాలు ఈ వైపు చూసింది తక్కువ.

రాష్ట్ర విభజన తర్వాత విశాఖను సినిమా కేంద్రంగా చేయాలన్న మాట పదేపదే వినిపిస్తోంది. స్టూడియోలు, స్థలాలు, రాయితీల మీదే చర్చ అంతా. కానీ షూటింగులు పెరిగినంత మాత్రాన ఊరి కథలు పెరగవు. బీచ్ రోడ్డులో డ్రోన్ షాట్ ఎవరైనా తీయొచ్చు. ఆ రోడ్డు దాటి జాలరిపేటకో, గాజువాకకో, వెంకటాపురానికో వెళ్లి అక్కడి మాట అక్కడి మనిషితో పలికించాలంటే ఆ ఊరివాళ్లు కెమెరా వెనక కూడా ఉండాలి. కంచరపాలెం నిరూపించింది అదే.