ఐటం సాంగ్

ఐటం సాంగ్ అనగా కథతో పెద్దగా సంబంధం లేకుండా, ప్రేక్షకులను ఆకర్షించడానికి సినిమాలో చేర్చే శృంగార నృత్యగీతం. హిందీ సినిమారంగం నుండి వచ్చిన ఈ పేరుకు ముందు తెలుగులో క్లబ్ పాట, క్లబ్ డాన్సు అనేవారు. ఇటీవల 'ప్రత్యేక గీతం' అని మర్యాదగా పిలుస్తున్నారు.

చరిత్ర

1970లలో జ్యోతిలక్ష్మి, ఆమె చెల్లెలు జయమాలిని ఈ నృత్యాలకు ప్రసిద్ధులు. ఎల్.ఆర్.ఈశ్వరి కంఠం ఈ పాటలకు గుర్తుగా నిలిచింది. 1980లలో ఏలూరు సమీపంలోని కొవ్వలిలో జన్మించిన సిల్క్ స్మిత పేరు మారుమ్రోగింది. అప్పట్లో నాయిక వేరు, నర్తకి వేరు. ఈ హద్దు క్రమంగా చెరిగిపోయి, 2021లో పుష్ప చిత్రంలో అగ్రనాయిక సమంత ఇటువంటి పాటలో నర్తించింది.

వ్యాప్తి

క్లబ్ పాటలను జనం చూసేవారే గాని తాము ఆడడం అరుదు. కోస్తా ప్రాంతపు జాతరలలో రికార్డింగ్ డాన్సు బృందాలు మాత్రం వాటిని వేదికపై అనుకరించేవి. పోలీసులు వస్తే కేసులు నిర్వాహకులపైన, ఆడిన స్త్రీలపైన పడేవి. ముందు వరుసలో కూర్చున్న పెద్దమనుషులు ఇళ్ళకు వెళ్ళిపోయేవారు.

యువత స్వయంగా ఆడడానికి ప్రధాన కారణం 'హుక్ స్టెప్'. పల్లవి వచ్చినప్పుడల్లా తిరిగి వచ్చే ఈ చిన్న కదలికను నృత్యశిక్షణ లేనివారు కూడా రెండు మూడుసార్లు చూసి పట్టుకోగలరు. టెలివిజన్ నృత్యపోటీలు దీనిని పిల్లలకు చేర్చాయి. తరువాత టిక్‌టాక్, 2020లో దానిని భారతదేశంలో నిషేధించిన పిమ్మట ఇన్‌స్టాగ్రామ్ రీల్స్ ఆ పనిని మరింత వేగంగా చేశాయి.

నిజామాబాదు, బోధన్, వర్ని ప్రాంతాలలో ఈ పాటలు పెళ్ళి బరాత్‌లలోను, గణేశ్ నిమజ్జనాలలోను డీజే పెట్టెల నుండి వినిపిస్తాయి. ఇదే ప్రాంతపు బతుకమ్మ ఆటలో చప్పట్ల లయ, వలయాకారపు నడక ముఖ్యం; అమ్మమ్మ, మనుమరాలు పక్కపక్కన ఒకే అడుగు వేయగలరు. బరాత్ నృత్యంలో ఆ వీలు తక్కువ.

విమర్శలు

టెలివిజన్ పోటీలలో చిన్నపిల్లల చేత పెద్దల శృంగార భంగిమలు వేయించడంపై కేంద్ర సమాచార ప్రసార మంత్రిత్వశాఖ 2019 జూన్‌లో ఛానళ్ళకు హెచ్చరిక జారీ చేసింది. 2025 మార్చిలో తెలంగాణ రాష్ట్ర మహిళా కమిషన్, సినిమా పాటలలో స్త్రీలను కించపరచే అసభ్య నృత్యభంగిమలను మానుకోవాలని నిర్మాతలకు, దర్శకులకు, నృత్యదర్శకులకు సూచించింది. డాకు మహారాజ్, రాబిన్‌హుడ్ చిత్రాల పాటలపై అప్పటికే దుమారం రేగి ఉంది.

నియంత్రణలో ఒక ముఖ్యమైన లోపం ఉంది. సెన్సారు బోర్డు ధ్రువపత్రం థియేటర్లలో వేసే చిత్రానికి తప్పనిసరి. ప్రచారం కోసం ముందుగా అంతర్జాలంలో విడుదల చేసే పాటకు అవసరం లేదు. రాబిన్‌హుడ్ థియేటర్లకు వచ్చేసరికి వివాదాస్పదమైన భంగిమను చిత్రం నుండి తొలగించారు. అంతకు ముందే విడుదలైన వీడియో ద్వారా అది సెల్‌ఫోన్లలోకి చేరిపోయింది.