వెట్టి బాకీ లేనివాళ్ళు

అమెరికా అంతర్యుద్ధంలో పోరాడిన నల్లజాతి సైనికుల సర్వీసు రికార్డులు ఇప్పుడు ఇంట్లో కూర్చునే చూడొచ్చు. ఒక్కొక్కరికీ కొన్ని కార్డులుంటాయి. పేరు, వయసు, ఎత్తు, ఒంటి రంగు, పుట్టిన ఊరు, చేసిన పని, పటాలంలో చేరిన తేదీ. 54వ మసాచుసెట్స్ పటాలం వాళ్ళ కార్డులు తిరగేస్తే ఒక మాట మళ్ళీ మళ్ళీ తగులుతుంది: 1861 ఏప్రిల్ 19 నాటికి, లేదా అంతకు ముందే, ఇతను స్వతంత్రుడు.

చేరిన రోజున వాళ్ళ రికార్డులో ఈ మాట లేదు. ఏడాది దాటాక, 1864 ఆగస్టులో వచ్చి చేరింది. అది ఉంటేనే బకాయి జీతం మొత్తం చేతికొస్తుంది. అలా రాయించుకున్నవాళ్ళలో కొందరు ఆ తేదీకి చట్టం లెక్కలో బానిసలే. అంటే ప్రభుత్వ రికార్డుల్లో భద్రంగా ఉన్న ఆ మాట కొన్ని కార్డుల మీద తప్పు. కానీ ఆ కార్డుల వెనక ప్రమాణం చేసినవాళ్ళెవరూ అబద్ధం చెప్పలేదనే నేననుకుంటాను. ఎందుకో చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి.

'గ్లోరీ' (1989) సినిమా చూసినవాళ్ళకి ఈ పటాలం తెలిసే ఉంటుంది. డెంజెల్ వాషింగ్టన్‌కి ఆస్కార్ తెచ్చిన సినిమా. జీతం తగ్గించారని తెలిసి సైనికులు రసీదులు చింపేసే సీన్ ఒకటి ఉంటుంది. వాళ్ళ తెల్ల కర్నల్ రాబర్ట్ గౌల్డ్ షా కూడా తనది చింపేస్తాడు. చూస్తుంటే చప్పట్లు కొట్టాలనిపిస్తుంది. తర్వాత 1863 జులై 18న వాగ్నర్ కోట మీద దాడి, షా మరణం, సినిమా అయిపోతుంది. జీతం గొడవ మాత్రం అక్కడ అయిపోలేదు. ఇంకో పద్నాలుగు నెలలు నడిచింది. సినిమా ఇంకో విషయం కూడా తారుమారు చేసింది. తెర మీద పటాలం నిండా తప్పించుకొచ్చిన బానిసలే కనిపిస్తారు. నిజానికి 54వ పటాలంలో ఎక్కువమంది ఉత్తరాది రాష్ట్రాల్లో స్వతంత్రులుగా బతికినవాళ్ళు. బానిసత్వం నుంచి వచ్చినవాళ్ళు వాళ్ళ మధ్య కొద్దిమంది. మన కథంతా ఈ కొద్దిమంది దగ్గరే చిక్కుకుంటుంది.

అప్పట్లో తెల్ల సిపాయి జీతం నెలకి 13 డాలర్లు, బట్టల ఖర్చు విడిగా. మసాచుసెట్స్ గవర్నర్ జాన్ ఆండ్రూ నల్లవాళ్ళని చేర్చుకుంటూ మీకూ అంతే ఇస్తామని మాటిచ్చాడు. తీరా జీతాల రోజు వచ్చేసరికి కేంద్ర ప్రభుత్వం 1862 జులై 17 నాటి మిలీషియా చట్టం బయటికి తీసింది. ఆ చట్టం నల్లవాళ్ళని ప్రధానంగా కందకాలు తవ్వడానికి, శిబిరాల్లో పనులు చేయడానికి తీసుకునే ఉద్దేశంతో రాసింది. నెలకి 10 డాలర్లు, అందులో 3 బట్టలకి కోత. చేతికొచ్చేది 7. సార్జెంటుకైనా అంతే, మామూలు సిపాయికైనా అంతే. కూలివాళ్ళ కోసం రాసిన చట్టంతో తుపాకీ పట్టినవాళ్ళకి జీతం కట్టారన్నమాట.

వాళ్ళు తీసుకోలేదు. ఏడు డాలర్లు కాదు కదా, ఒక్క సెంటు కూడా ముట్టుకోలేదు. 1863 నవంబరులో మసాచుసెట్స్ శాసనసభ ఆ తేడా ఏదో మేమే కడతామంది. ఆ సొమ్ము పట్టుకుని మనుషులు దక్షిణ కరోలైనా దాకా వెళ్తే దాన్నీ వద్దన్నారు. నాకు ఈ రెండో తిరస్కారమే ఎక్కువ ఆశ్చర్యం. మొదటిది కోపంతో చేయొచ్చు. రెండోసారి వచ్చింది సరిగ్గా రావాల్సిన మొత్తం, ఇచ్చేది స్నేహితులు, ఇంటి దగ్గర పెళ్ళాం పిల్లలు ధర్మసత్రాల పాలవుతున్నారని ఉత్తరాలు వస్తున్నాయి. అయినా వద్దన్నారంటే వాళ్ళడిగింది డబ్బు ఒక్కటే కాదు. ఆ డబ్బు ఏ పద్దు కింద, ఏ పేరుతో వస్తుందన్నదీ తేలాలన్నారు.

ఆ మాట అందరికంటే సూటిగా అడిగినవాడు జేమ్స్ హెన్రీ గుడింగ్ అనే కార్పొరల్. న్యూ బెడ్‌ఫర్డ్ నుంచి వచ్చాడు, తిమింగలాల వేట ఓడల్లో పనిచేసినవాడు. 1863 సెప్టెంబరు 28న మోరిస్ ద్వీపం శిబిరం నుంచి నేరుగా లింకన్‌కి ఉత్తరం రాశాడు. మేం సైనికులమా, కూలీలమా అన్నది అందులో ప్రశ్న. అంతకు నెలన్నర ముందు ఫ్రెడరిక్ డగ్లస్ ఇదే గోడు వినిపిస్తే, నల్లవాళ్ళు సైన్యంలోకి రావడమే తెల్లవాళ్ళకి మింగుడుపడటం లేదు, తక్కువ జీతం ప్రస్తుతానికి తప్పని సర్దుబాటు అన్నట్టు లింకన్ చెప్పి పంపాడు. గుడింగ్ ఉత్తరంలో ఇంకో వాదన కూడా ఉంది, తర్వాత మనకి పనికొస్తుంది. మేం పుట్టుకతోనే స్వతంత్రులం, పారిపోయి వచ్చిన బానిసల కోసం చేసిన చట్టం మాకెలా వర్తిస్తుంది అంటాడు. వెంటనే, మాజీ బానిసల సేవ మాకంటే తక్కువదని నా ఉద్దేశం కాదు అని కూడా అంటాడు. ఆ గీత గీసింది తనే, గీశాక ఇబ్బంది పడిందీ తనే.

తొమ్మిది నెలల తర్వాత పార్లమెంటు సరిగ్గా ఆ గీత మీదే చట్టం చేసింది. 1864 జూన్ 15 నాటి చట్టం ప్రకారం నల్ల సైనికులందరికీ ఆ ఏడాది జనవరి 1 నుంచి సమాన జీతం. అంతకు ముందు కాలానికి, అంటే చేరిన రోజు నుంచీ, పూర్తి ఎరియర్స్ మాత్రం 1861 ఏప్రిల్ 19 నాటికి స్వతంత్రులుగా ఉన్నవాళ్ళకే. ఆ తేదీ యుద్ధం మొదలైన రోజుల్లోది. ఆ రోజునే బాల్టిమోర్ వీధుల్లో మసాచుసెట్స్ తెల్ల సైనికుల మీద అల్లరిమూక దాడి చేసింది. ఎవరెవరు స్వతంత్రులో విచారించి మస్టర్ రోల్స్‌లో నమోదు చేయమని ఆగస్టులో అధికారులకి ఉత్తర్వులొచ్చాయి. మస్టర్ అంటే మన ఉపాధి హామీ పనుల్లో వేసే మస్టరే, మాట కూడా అదే.

లెక్క చిన్నదే. 1863 మేలో చేరిన ఒక మాజీ బానిస పోగొట్టుకునేది నెలకి 6 డాలర్ల చొప్పున ఎనిమిది నెలలు, 48 డాలర్లు. కానీ ఏడాదికి పైగా అందరూ కలిసి పస్తులున్న పటాలం అది. ఇప్పుడు ఒకే గుడారంలో పడుకునే ఇద్దరిలో ఒకణ్ణి సిపాయిగా, ఇంకొకణ్ణి మొన్నటిదాకా కూలీగా రికార్డులోకి ఎక్కించాలి.

షా తర్వాత పటాలం బాధ్యత తీసుకున్న కర్నల్ ఎడ్వర్డ్ హాలోవెల్ ఫిలడెల్ఫియా క్వేకర్ కుటుంబం వాడు. ఈ చిక్కుకి ఆయన ఒక ప్రమాణం తయారు చేశాడు. దానికి 'క్వేకర్ ప్రమాణం' అని పేరొచ్చింది. (క్వేకర్లు అసలు ప్రమాణాలే చేయరు. ఎప్పుడూ నిజమే చెప్పాలి కదా, ప్రత్యేకంగా ఒట్టెందుకు అంటారు. పేరులోనే ఒక చమత్కారం.) నువ్వు స్వతంత్రుడివా అని ఆ ప్రమాణం అడగదు. 1861 ఏప్రిల్ 19న గానీ అంతకు ముందు గానీ ప్రతిఫలం లేని చాకిరీ నువ్వు ఏ మనిషికీ బాకీ లేవని ప్రమాణం చేస్తావా, అంతే. ప్రతిఫలం లేని చాకిరీ అని నేను మూడు పదాల్లో చెప్తున్నదానికి తెలుగులో ఒక్క మాటే ఉంది, వెట్టి. ఎవరికీ వెట్టి బాకీ లేను అని చేయెత్తి చెప్పాలి. చెప్తే రికార్డులో 'స్వతంత్రుడు' అని పడుతుంది.

ఇది కిటుకు అని నవ్వేసి వదిలేయొచ్చు. చాలామంది చరిత్రకారులు దీన్ని ఒక తెలివైన ఉపాయంగా ఒక వాక్యంలో చెప్పి ముందుకెళ్తారు. నాకు మాత్రం ఆ మాటల ఎంపిక వెనక అమెరికా రాజ్యాంగం వినిపిస్తుంది. 1787లో రాసిన ఆ రాజ్యాంగంలో బానిస అనే పదం ఎక్కడా లేదు. నాలుగో అధికరణంలో పారిపోయినవాళ్ళ గురించి చెప్పేచోట, సేవ గానీ శ్రమ గానీ ఎవరికి రావాల్సి ఉందో వాళ్ళకి అప్పగించాలి అని ఉంటుంది. మనిషిని ఒక అప్పుగా రాశారు. యజమానికి శ్రమ బాకీ ఉన్నవాడు. 1850 నాటి చట్టం ఆ అప్పు వసూలుకి పోలీసులనీ కోర్టులనీ ఇచ్చింది. ఇప్పుడు హాలోవెల్ ఆ అప్పు అనే మాటనే పట్టుకుని, నిజంగా బాకీ ఉన్నావా అని అప్పుపడ్డాడంటున్న మనిషినే అడిగాడు. దక్షిణాది తోటలో ఇరవయ్యేళ్ళు పత్తి తీసినవాడు ఆ ప్రశ్నకి లేదని చెప్పడానికి ఒక్క క్షణం కూడా తడుముకోనక్కర్లేదు. బాకీ ఏదైనా ఉంటే అవతలివాడే ఉన్నాడు.

అయినా అందరూ సులువుగా చేయి ఎత్తలేదు. ఆ పటాలంలోనే కెప్టెన్‌గా పనిచేసిన లూయిస్ ఎమిలియో 1891లో దాని చరిత్ర రాశాడు. కొందరు దేశం చట్టం ప్రకారం కాకపోయినా దేవుడి చట్టం ప్రకారం స్వతంత్రులమే అనుకుని ప్రమాణం చేశారని ఆయన అంటాడు. అక్కడ నాకు ఆగాలనిపిస్తుంది. అసలు ప్రమాణమే అవసరం లేనివాళ్ళు, పుట్టుకతో స్వతంత్రులు, వాళ్ళు కూడా వీళ్ళతోపాటు ఇదే ప్రమాణం చేయాల్సొచ్చింది. రికార్డులో తేడా తెలియకూడదంటే అందరూ ఒకే ప్రశ్నకి జవాబు చెప్పాలి మరి. పద్దెనిమిది నెలల జీతం బాకీ పెట్టిన ప్రభుత్వం ముందు నిలబడి, నేనెవరికీ బాకీ లేను అని వాళ్ళు ఒట్టేయాలి.

సెప్టెంబరు 28న డబ్బొచ్చింది. పటాలం మొత్తానికి 1,70,000 డాలర్లు. పాటలు, ప్రసంగాలు, విందు. అందులో పెద్ద మొత్తం కొరియర్ కంపెనీ ద్వారా ఇళ్ళకి వెళ్ళిపోయింది.

ఇక్కడ కథ సుఖాంతం చేస్తే ఇంకో పటాలానికి అన్యాయం చేసినట్టు. దక్షిణ కరోలైనాలో తోటల నుంచి వచ్చినవాళ్ళతోనే కట్టిన పటాలాలు 54వ మసాచుసెట్స్ కంటే ముందువి. 1862 ఆగస్టు 25న యుద్ధ శాఖ వాళ్ళకి రాతపూర్వకంగా సమాన జీతం హామీ ఇచ్చింది. కానీ 1864 చట్టంలో వాళ్ళకి పాత బకాయి లేదు. ప్రమాణం వాళ్ళకెందుకు పనికిరాలేదని అడగొచ్చు. మసాచుసెట్స్ సైనికుడి గతం ఎక్కడో దూరంగా ఉంది, కాగితం మీద లేదు. వీళ్ళ గతం నది అవతల ఒడ్డునే ఉంది, ఏ తోటో, యజమాని ఎవరో అందరికీ తెలుసు. ఏ మాట మార్చి రాసినా దాచలేనిది. వాళ్ళ కర్నల్ థామస్ వెంట్‌వర్త్ హిగ్గిన్‌సన్ పత్రికలకి ఉత్తరాల మీద ఉత్తరాలు రాశాడు. చివరికి 1865 మార్చి 3న ఇంకో చట్టం చేసి, హామీ పొంది చేరిన పటాలాలకి చేరిన రోజు నుంచీ జీతం లెక్కకట్టారు. ఏ హామీ లేకుండా చేరిన మాజీ బానిసలకి అదీ లేదు.

అప్పటికి సార్జెంట్ విలియం వాకర్ చనిపోయి ఏడాది. 3వ దక్షిణ కరోలైనా పటాలంలో అతను 1863 నవంబరులో తన కంపెనీని తీసుకెళ్ళి కమాండర్ గుడారం ముందు తుపాకులు కింద పెట్టించాడు. ఏడు డాలర్లకి సైనికులుగా పనిచేయమన్నాడు. తిరుగుబాటు నేరం కింద 1864 ఫిబ్రవరి 29న ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్‌లో తోటి సైనికులు చూస్తుండగా కాల్చేశారు. జీతం ఇవ్వడానికి అతన్ని సైనికుడిగా గుర్తించే చట్టం దొరకని ప్రభుత్వానికి సైనికుడిగా కాల్చడానికి మాత్రం దొరికిందని గవర్నర్ ఆండ్రూ లింకన్‌కి రాశాడు. నాకు తేదీలు ఇంకా గట్టిగా మాట్లాడతాయి. సమాన జీతం జనవరి 1 నుంచి అని జూన్‌లో రాసిన చట్టం లెక్కన చూస్తే, వాకర్‌ని కాల్చిన రోజుకి అతనడిగింది హక్కై రెండు నెలలు.

గుడింగ్ సంగతి చెప్పకుండా ఆపలేను. లింకన్‌కి ఆయన రాసిన ఉత్తరం ఇప్పుడు పాఠ్యపుస్తకాల్లో ఉంది. చాలాకాలం ఆయన న్యూయార్క్ రాష్ట్రంలోని ట్రాయ్‌లో పుట్టాడనే అందరూ అనుకున్నారు. ఓడ కాగితాల్లో ఆయన అలాగే రాయించాడు. తర్వాత పరిశోధకులు తవ్వితే వేరే చిత్రం బయటపడింది. 1838లో ఉత్తర కరోలైనాలో బానిసగా పుట్టాడు. చిన్నప్పుడే ఎవరో డబ్బు కట్టి విడిపించారు. న్యూయార్క్‌లోని నల్లజాతి అనాథ శరణాలయంలో పెరిగాడు. మేం పుట్టుకతో స్వతంత్రులం అని రాసిన చెయ్యి అది. హాలోవెల్ ప్రమాణం పుట్టడానికి చాలా ముందే గుడింగ్ తన రికార్డు తనే దిద్దుకున్నాడు. 1861 ఏప్రిల్ 19న ఆయన ఎలాగూ స్వతంత్రుడే, చట్టం ప్రకారం ఆ దిద్దుబాటు అక్కర్లేదు. కానీ ఓడ మీద పనికోసం నిలబడిన కుర్రాడికి చట్టం ఏ రోజు ఎటు తిరుగుతుందో ఎవరు చెప్పగలరు?

1864 ఫిబ్రవరి 20న ఫ్లోరిడాలోని ఒలస్టీ యుద్ధంలో గాయపడి శత్రువులకి దొరికిపోయాడు. జులై 19న ఆండర్సన్‌విల్ ఖైదీల శిబిరంలో చనిపోయాడు. ఆయన పటాలానికి జీతాలు పంచడం మొదలుపెట్టిన సెప్టెంబరు 28, ఆయన లింకన్‌కి ఉత్తరం రాసి సరిగ్గా ఏడాదైన రోజు.