మోటుపల్లి రేవు - అభయశాసనము

సెలవులు సమీపించినంతనే బెంగుళూరులోని మన కుటుంబములు చీరాలకో విశాఖపట్టణమునకో సముద్రస్నానమునకై ప్రయాణము కట్టుట పరిపాటియైనది. పీఠభూమిపై పెరుగుచున్న పిల్లలకు అలలను జూచుటయే యొక పండుగ. అయితే తరగతిలో తెలుగు చదువుకొను బాలురను అచ్చట నేమి చూచితిరని యడిగిన, ఇసుక, గవ్వలు, వేయించిన చేపలు అను మూడింటిని మించి యుత్తరము రాదు. ఆ లోపము వారిది కాదు. ఆ యిసుకకును చరిత్ర గలదని చెప్పినవారు లేరు. అందుచే ఆ తీరమందలి యొక్క యూరిని గూర్చి యిచ్చట ముచ్చటింతును.

చీరాలకు దక్షిణమున, ఉప్పుకొటార్లకు పేరొందిన చినగంజాము చెంత మోటుపల్లి యున్నది. నేడది చిన్న పల్లె. కాకతీయుల కాలమున నిది తెలుగునాటి సముద్రవ్యాపారమునకు ముఖద్వారము. దేశ్యుయ్యకొండపట్టణమని దీనికి శాసనమున నామాంతరము గలదు. అచ్చటి వీరభద్రస్వామి యాలయ స్తంభముపై గణపతిదేవ చక్రవర్తి క్రీ.శ. 1244-45లో చెక్కించినదే సుప్రసిద్ధమైన అభయశాసనము. దీనిని హుల్ష్ పండితుడు ఎపిగ్రాఫియా ఇండికా 12వ సంపుటమున ప్రకటించెను.

ఆ శాసనము చెప్పునది యిది. ఒక దేశమునుండి మరియొక దేశమునకు బోవు ఓడ తుపానున జిక్కి, పగిలి, తాను చేరదలపని రేవునకు గొట్టుకొనివచ్చినచో, అందలి బంగారమును, ఏనుగులను, గుఱ్ఱములను, రత్నములను పూర్వరాజులు బలాత్కారముగా గైకొనుచుండిరి. గణపతిదేవుడు దానిని మానివేసెను. ధనము ప్రాణముకంటెను మిన్న యని తలచి సముద్రయానమునకు సాహసించినవారిపై దయ తలచి, నియతమైన సుంకము దక్క తక్కినదంతయు వారికే విడిచితినని ప్రకటించెను. ఎగుమతి దిగుమతులపై సుంకము ముప్పదింట నొకటి. పిదప చందనము, చీనాకర్పూరము, ముత్యములు, పన్నీరు, దంతము, పునుగు, రాగి, పట్టునూలు, పగడములు, మిరియములు, పోకలు మున్నగు సరకుల పట్టిక గలదు.

ఇందుకు దయయే కారణమని శాసనవాక్యము. దయతోబాటు లెక్కయు గలదని నా తలంపు. ఒక పగిలిన ఓడను దోచినచో కొన్ని నాళ్ల భోగము. ఆ వార్త విన్న పది ఓడలు మరియొక రేవునకు మరలును. అయినను ఆ కాలమున ఐరోపా తీరములందు సయితము పగిలిన ఓడల సరకుపై ప్రభువులు హక్కు చెప్పుచుండిరని యెరిగినవారికి ఈ త్యాగము స్వల్పముగా దోపదు.

ఆ శతాబ్దమునందే వెనిసు వర్తకుడు మార్కోపోలో ఈ రాజ్యమును ముత్ఫిలి యను పేర బేర్కొని, వజ్రములను, సన్నని వస్త్రములను, న్యాయశీలయగు నొక రాణిని గొనియాడెను. ఆమె రుద్రమదేవి యని చరిత్రకారుల యభిప్రాయము. కాని యతడు గణపతిదేవుని కుమార్తెను భార్యగా పొరబడెను. వజ్రముల లెక్క తెలిసిన వర్తకునికి వరుసలు తెలియలేదు!

1323లో కాకతీయ రాజ్య మంతరించెను. 1358లో కొండవీటి అనపోతరెడ్డి అదే మోటుపల్లిలో మరల శాసనము వేయించి, వచ్చిన వర్తకులకు నివాసభూము లిత్తుననియు, పోదలచినప్పుడు అడ్డగింపననియు, అపుత్రకుల సొత్తును గైకొను ఆచారమును మానితిననియు తెలిపెను. పూర్వాభయము నిలిచియే యున్నచో నిన్ని మాటలతో పని యుండెడిది కాదు. నడుమ రాజ్యము లేని కాలమున వర్తకులకు గలిగిన భయము ఈ రెండవ శాసనమువలననే మనకు దెలియుచున్నది. బెంగుళూరునుండి బందరునకు బోవు రైలుబండికి కొండవీటి పేరే పెట్టియున్నారు. ఎక్కువా రెందరీ సంగతి తలతురో!

తరువాతి వ్యాపారము బందరును జేరెను. ఇంగ్లీషువారు 1611లో అచ్చట వర్తకస్థానమును నెలకొల్పిరి. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి ఉప్పెన యా పట్టణమును ముంచగా సుమారు 30,000 మంది మరణించిరి. భీమునిపట్టణమున డచ్చివారి సమాధులు నేటికిని నిలిచియున్నవి. వీనిని గూర్చి వేరుగా వ్రాయవలసినది చాల గలదు.

చీరాలకు బోవువారు మరికొంత దూరము దక్షిణముగా నడచి, సముద్రమునకు బూర్వమే యాలయమున బ్రవేశించి, ఆ స్తంభమును పిల్లలకు జూపింతురుగాక. శాసనము సంస్కృతమునను తెలుగునను నున్నది. లిపి వారికి దెలియకపోవచ్చును; కర్పూరము, పన్నీరు, మిరియము, పోక యను మాటలు మాత్రము వారు ఇంట వినుచున్నవే.